మేనమామకున్న మానసిక వ్యాధి మేనకోడలికి వస్తుందా? జన్యువుల గురించి, మెదడు రసాయనాల గురించి తెలిసినవారు దయచేసి చెప్పండి

వంశధార_మాస్టారు (నరసన్నపేట), జూన్ 3, రాత్రి 9:12

సభ్యులందరికీ నమస్కారం. నేను నరసన్నపేట దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. మా ఇంటి విషయాన్ని పది మంది ముందు పెట్టడానికి చాలా రోజులు వెనకాడాను గాని, ఇప్పుడు తెలిసినవారిని అడగక తప్పడం లేదు.

మా తమ్ముడికి ఇరవై ఒకటో ఏట స్కిజోఫ్రీనియా మొదలైంది. డిగ్రీ చివరి సంవత్సరంలో ఉండగా, ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నారని, పక్కింటివాళ్లు తన ఆలోచనలు వింటున్నారని చెప్పేవాడు. ముందు చిల్లంగి అన్నారు, తరువాత గాలి సోకిందన్నారు. తాయెత్తులతోను మొక్కులతోను ఏడాదిన్నర గడిచిపోయాక గాని మానసిక వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లలేదు. ఆ ఏడాదిన్నర గురించి నేను ఇప్పటికీ బాధపడుతూనే ఉన్నాను. ఇప్పుడు వాడికి ముప్ఫై నాలుగేళ్లు. రాత్రి ఓలాంజాపిన్ మాత్ర వేసుకుంటాడు, ఉదయం అరుగు మీద కూర్చుని కొబ్బరాకుల నుంచి ఈనెలు చీల్చి చీపుర్లు కడతాడు. ఒక్కొక్క చీపురుకు ఎన్ని ఈనెలు పట్టాలో వాడికి లెక్క తప్పదు.

మా అక్క కూతురికి ఇరవై ఆరేళ్లు, నర్సింగ్ చదివి ఉద్యోగం చేస్తోంది. విజయనగరం వైపు నుంచి మంచి సంబంధం వచ్చింది. అన్నీ కుదిరాయనుకున్న తరువాత, "మేనమామకు మతి స్థిమితం లేదట గదా, అది రక్తంలో ఉంటుంది గదా" అని అబ్బాయి తండ్రిగారు మధ్యవర్తి చేత అడిగించారు. మా పెద్దల్లో కొందరేమో నిశ్చితార్థం నాడు తమ్ముణ్ని టెక్కలిలో బంధువుల ఇంట్లో ఉంచుదామంటున్నారు. వాడిని దాచడానికి నాకు మనసు ఒప్పడం లేదు. అయితే ఆయనకు చెప్పడానికి నా దగ్గర సరైన జవాబూ లేదు. మెదడులో రసాయనాల లోపమని వైద్యులు ఒకప్పుడు చెప్పారు. ఆ రసాయనాలను జన్యువులే నిర్ణయిస్తే, ఆ జన్యువులు మా అక్కకు, ఆమె కూతురికి కూడా వచ్చి ఉండాలి గదా? నిజం ఏదైనా సరే, చెప్పండి.


బొబ్బిలి_పెద్దాయన (బొబ్బిలి), జూన్ 3, రాత్రి 10:40

మాస్టారూ, నేను డెబ్బై దాటినవాణ్ని. మీ మనసు నొప్పించాలని కాదు గాని, మా రోజుల్లో సంబంధం చూసేటప్పుడు అటు ఏడు తరాలు ఇటు ఏడు తరాలు విచారించమనేవారు. మా చిన్నప్పుడు మా ఊళ్లో ఒక కుటుంబంలో తాతకు, ఆయన కొడుకుకు, ఆ కొడుకు కూతురికి, ముగ్గురికీ నలభై ఏళ్లు దాటేసరికి మతి చలించింది. ఆ ఇంట్లో మూడు తరాలుగా మేనరికాలే. అటువంటిది కళ్లారా చూసినవాణ్ని గనుక, అబ్బాయి తండ్రి భయపడటం తప్పు కాదనిపిస్తోంది. నా ఆలోచనలో పొరపాటుంటే చదువుకున్నవారు సరిదిద్దాలి.


జీవకణం (విజయనగరం), జూన్ 4, ఉదయం 6:25

మాస్టారు గారికి నమస్కారం. నేను ఇక్కడ డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం బోధిస్తాను. ముందు లెక్కలు చెబుతాను. పెళ్లి మాటల దగ్గర లెక్క లేకపోతే భయానికి హద్దు ఉండదు.

స్కిజోఫ్రీనియా జీవితకాలంలో నూటికి సుమారు ఒకరికి వస్తుంది. ఇర్వింగ్ గాట్స్‌మన్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఐరోపాలో దశాబ్దాల పాటు జరిగిన కుటుంబ అధ్యయనాలను, కవలల అధ్యయనాలను ఒకచోట చేర్చి 1991లో ఒక పట్టిక ప్రచురించారు. దాని ప్రకారం రోగి తోబుట్టువులలో నూటికి తొమ్మిది మందికి, సొంత బిడ్డలలో పదమూడు మందికి, అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ల పిల్లలు అయిన వారిలో నలుగురికి ఆ వ్యాధి కనిపించింది. మీ మేనకోడలు ఈ చివరి వరుసలోకి వస్తుంది. నూటికి నలుగురంటే, తొంభై ఆరుగురికి రాదని అర్థం. పైగా ఆమె ఇరవై ఆరేళ్లు ఆరోగ్యంగా దాటింది. ఈ వ్యాధి ఎక్కువగా పదిహేను, ముప్ఫై ఏళ్ల మధ్య బయటపడుతుంది కాబట్టి ఆ నాలుగులో కొంత ఇప్పటికే తగ్గిపోయింది. ఇక ఆమెకు పుట్టబోయే పిల్లల విషయానికి వస్తే, ఆ దూరపు వరుసలో ముప్పు నూటికి రెండు దరిదాపుల్లో ఉంటుంది.

అబ్బాయి తండ్రిగారికి చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. ఈ వ్యాధి వచ్చినవారిలో సగానికి పైగా మందికి తల్లిదండ్రుల్లో గాని తోబుట్టువుల్లో గాని ఆ వ్యాధి ఉన్నవారు ఒక్కరూ ఉండరు. "మా వంశంలో లేదు" అన్న మాట అంత గట్టి హామీ ఏమీ కాదు.

సమరూప కవలల జన్యువులు అచ్చంగా ఒకటే. అయినా వారిలో ఒకరికి వ్యాధి వస్తే, రెండవవారికి రావడం అధ్యయనాన్ని బట్టి మూడోవంతు నుంచి సగం వరకే కనిపించింది. జన్యువే సర్వం అయితే అది నూటికి నూరు కావాలి.


వంశధార_మాస్టారు, జూన్ 4, ఉదయం 7:50

ధన్యవాదాలు సార్. మీరు చెప్పిన లెక్క రాత్రే దొరికి ఉంటే కాస్త నిద్ర పట్టేది. అయితే ఒక చోట ఈ వ్యాధి వంశపారంపర్యత 80 శాతం అని చదివాను. మీరేమో నూటికి నాలుగంటున్నారు. ఈ రెండూ ఎలా పొసగుతాయి?


జీవకణం, జూన్ 4, మధ్యాహ్నం 1:15

మంచి ప్రశ్న. నా విద్యార్థులు ఏటా తడబడేది ఇక్కడే. ఒక మడిలో రకరకాల వరి విత్తనాలు కలిపి చల్లి, అంతటా ఒకే నీరు, ఒకే ఎరువు ఇచ్చారనుకోండి. మొక్కల ఎత్తులో కనిపించే తేడాలు దాదాపుగా విత్తనం వల్ల వచ్చినవే. అప్పుడు ఆ మడిలో ఎత్తుకు వంశపారంపర్యత చాలా ఎక్కువని అంటాం. ఇప్పుడు అవే విత్తనాలను వంశధార కాలువ నీరందని శివారు భూమిలో చల్లండి. మడి మొత్తం పొట్టిగా పెరుగుతుంది. విత్తనం మారలేదు గదా. శ్రీకాకుళం సన్నాలు ఒక్క రకాన్నే రెండు మడుల్లో వేస్తే, ఆ రెండింటి మధ్య తేడా అంతా నీటిదే అవుతుంది.

80 శాతం అన్న అంకె, ఒక జనసమూహంలో మనుషుల మధ్య ఉన్న తేడాలలో ఎంత భాగం జన్యు భేదాలతో ముడిపడి ఉన్నదో చెప్పే కొలత. అది ఒక మనిషికి వ్యాధి వచ్చే అవకాశం కాదు. ఇదే కొలత డిప్రెషన్‌కు సుమారు 37 శాతం అని కవలల అధ్యయనాలు చెబుతున్నాయి. అక్కడ బతుకు పరిస్థితుల వాటా ఎక్కువ.


మనోవైద్యుడు_శ్రీకాకుళం, జూన్ 4, రాత్రి 11:05

మాస్టారు గారూ, రసాయనాల సంగతి నేను చెబుతాను. మీకు మాలాంటి వైద్యుడే "లోపం" అని చెప్పి ఉంటారు. ఓపీలో ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు దొరికే చోట ఆ మాట సులువుగా నోటికి వస్తుంది గాని, మీ తమ్ముడి విషయంలో అది సరైన మాట కాదు.

జన్యువు మెదడు రసాయనాన్ని నేరుగా తయారు చేయదు. రసాయనాన్ని తయారు చేసే ఎంజైము, దానిని సంచుల్లోకి నింపే ప్రొటీను, అవతలి నాడీకణం మీద దానిని అందుకునే గ్రాహకం, పని అయ్యాక తిరిగి లోపలికి లాగే వాహకం, మిగిలినదాన్ని విరిచివేసే మరొక ఎంజైము, ఇవి ఎలా ఉండాలో జన్యువుల్లో రాసి ఉంటుంది. డోపమైన్‌నే చూడండి. మనం తిన్న పప్పు, గుడ్డు, చేపల నుంచి వచ్చిన టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఒక ఎంజైము ఎల్-డోపాగా మారుస్తుంది, రెండవది దానిని డోపమైన్‌గా మారుస్తుంది. నాడీకణం చివర నుంచి అది విడుదలై, సన్నని సందు దాటి, అవతలి కణం గ్రాహకాన్ని తాకుతుంది. మెదడు లోపలి భాగాలలో దానిని వాహక ప్రొటీను వెంటనే వెనక్కి లాగేస్తుంది. నుదుటి వెనక ఉండే ముందుభాగంలో ఆ వాహకాలు చాలా తక్కువ, అందువల్ల అక్కడ సీఓఎంటీ అనే ఎంజైము దానిని విరిచివేయడమే ముఖ్యం. ఈ ఎంజైమును తయారు చేసే జన్యువు 22వ క్రోమోజోము మీద ఉంది. దానిలో ఒకే ఒక్క అక్షరం తేడా వల్ల 158వ స్థానంలో వాలీన్ బదులు మెథియోనీన్ అనే అమైనో ఆమ్లం చేరుతుంది, ఎంజైము వేగం మూడు నాలుగు రెట్లు తగ్గుతుంది. మనలో కొందరు మొదటి రకం, కొందరు రెండవ రకం, చాలామంది రెండూ ఒక్కొక్కటి ఉన్నవారు. వీరంతా మామూలు మనుషులే. ఈ ఒక్క తేడానే స్కిజోఫ్రీనియాకు మూలమేమోనని ఒకప్పుడు గట్టిగా ఆశపడ్డారు గాని, పెద్ద అధ్యయనాలలో అది నిలబడలేదు.

స్కిజోఫ్రీనియాలో మెదడు లోపలి స్ట్రయాటం అనే భాగంలో డోపమైన్ తయారీ సగటున ఎక్కువగా ఉన్నట్లు, మెదడు పనితీరును చూపే పెట్ స్కానులు చూపించాయి. అంటే అది లోపం కాదు, ఒక చోట అతిగా ఉండటం. మీ తమ్ముడు వేసుకునే మాత్ర, డోపమైన్‌ను అందుకునే డీ2 అనే గ్రాహకాలను కొంత మూసిపెడుతుంది, దానితో "పక్కింటివాళ్లు వింటున్నారు" వంటి అనుభవాలు నెమ్మదిస్తాయి.

జన్యువుల సంఖ్య సంగతి. 2014లో సుమారు 37 వేల మంది రోగులను, లక్షా 13 వేల మంది ఇతరులను పోల్చి చూసినప్పుడు వ్యాధితో ముడిపడిన 108 జన్యు స్థానాలు దొరికాయి. 2022 నాటికి అవి 287 అయ్యాయి. వాటిలో డీ2 గ్రాహకపు జన్యువు ఉంది, గ్లూటమేట్ అనే మరొక రసాయనానికి సంబంధించినవి ఉన్నాయి, కాల్షియం ద్వారాలవి ఉన్నాయి. ఎక్కువ భాగం నాడీకణాల కూడలుల దగ్గర, అంటే ఒక కణం మరొకదానికి సంకేతం అందించే చోట్ల, పనిచేసేవే. ఒక్కొక్కటి పెంచే ముప్పు అతి స్వల్పం. 2016లో బయటపడిన సీ4 జన్యువు కథ నన్ను బాగా ఆకట్టుకుంది. అది రోగనిరోధక శక్తికి సంబంధించిన జన్యువు. కౌమారంలో మెదడు తనకు అక్కరలేని కూడలులను కత్తిరించుకుంటుంది. ఏ కూడలిని తీసివేయాలో గుర్తు పెట్టే పనిలో సీ4 పాల్గొంటుంది. కొన్ని రకాల సీ4 ఉన్నవారిలో ఆ కత్తిరింపు మితిమీరుతుందేమోనన్నది ఇప్పటి ఆలోచన. మీ తమ్ముడికి సరిగ్గా ఆ వయసు దాటుతుండగా వ్యాధి రావడానికి ఇదొక కారణం కావచ్చు.

ఈ చిన్న చిన్న తేడాలు మీలో, నాలో, అబ్బాయి తండ్రిగారిలో కూడా కొన్ని ఉంటాయి. ఎక్కువ పోగుపడి, దానికి తోడు కాన్పు సమయంలో ఇబ్బందో, చిన్ననాటి హింసో, చిన్న వయసులో గంజాయో కలిస్తే ముప్పు పెరుగుతుంది. గంజాయి మాట ఊరికే అనలేదు. మన జిల్లాల కుర్రాళ్లలో గంజాయి తాగి మతి తప్పి వచ్చేవారిని చూస్తున్నాను, ఇంట్లో ఇదివరకే ఎవరికైనా ఈ వ్యాధి ఉన్న పిల్లలు దానికి ఆమడ దూరంలో ఉండాలి.

పెద్దాయన గారూ, మీరు చూసిన ఆ కుటుంబంలో మతి చలించడంతో పాటు ఒంట్లో ఇంకేమైనా మార్పు కనిపించేదా? చేతుల కదలిక, నడక ఎలా ఉండేవి?


రాజాం_పాఠకుడు (రాజాం), జూన్ 5, ఉదయం 8:30

డాక్టరు గారూ, మీరు వివరించిన తీరు బాగుంది. అయితే డిప్రెషన్‌కు సెరటోనిన్ అనే మెదడు రసాయనం తగ్గడమే కారణమనే సిద్ధాంతానికి నిలకడైన ఆధారం లేదని 2022లో ఒక సమీక్ష వచ్చింది గదా. నా స్నేహితుడు రెండేళ్లుగా ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మాత్ర వాడుతున్నాడు. ఆ వార్త చదివి, "లేని లోపానికి మందు వేసుకుంటున్నానా" అని మాత్ర ఒక్కసారిగా మానేశాడు. నాలుగు రోజులు కళ్లు తిరిగి, తలలో కరెంటు కొట్టినట్లుందని మంచం దిగలేదు. రసాయనాల సిద్ధాంతమే తప్పయితే మందు ఎందుకు వాడాలి?


మనోవైద్యుడు_శ్రీకాకుళం, జూన్ 5, రాత్రి 10:20

మీ స్నేహితుడు ముందు తన వైద్యుణ్ని కలవాలి. ఆ మాత్రను మెల్లమెల్లగా తగ్గించుకుంటూ మానాలే తప్ప ఒక్కసారిగా ఆపకూడదు. ఆయనకు కలిగిన ఇబ్బంది అందువల్ల వచ్చిందే.

సమీక్ష చెప్పినది నిజమే. సెరటోనిన్ తక్కువైనందువల్లనే కుంగుబాటు వస్తుందని రుజువు కాలేదు. మోకాలి నొప్పికి కాపడం పెడితే తగ్గుతుంది. అంతమాత్రాన మోకాలిలో వేడి తక్కువై నొప్పి వచ్చిందని ఎవరూ అనరు గదా. ఈ మాత్ర సెరటోనిన్‌ను వెనక్కి లాగే వాహకాన్ని గంటల్లోనే అడ్డుకుంటుంది, కాని మనసు తేలికపడటానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ వ్యవధిలో గ్రాహకాలు, కూడలులు నెమ్మదిగా సర్దుకుంటాయి. ఉపశమనం ఆ సర్దుబాటు నుంచి వస్తోందని ఇప్పుడు ఎక్కువమంది భావిస్తున్నారు.

ఈ రసాయనాల ఆలోచన పుట్టడంలో మన దేశపు మొక్క ఒకటి ఉందని చాలామందికి తెలియదు. సర్పగంధ వేరు రక్తపోటుకు, ఉన్మాదానికి పనిచేస్తుందని 1931లో కలకత్తాకు చెందిన గణనాథ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ప్రచురించారు. తరువాత దాని నుంచి రిసర్పిన్‌ను వేరు చేశారు. అది డోపమైన్, సెరటోనిన్ వంటివి సంచుల్లోకి చేరకుండా చేసి, నిల్వలను ఖాళీ చేస్తుంది. స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ ఇస్తే అవి కదలలేక చెవులు వాల్చి పడిపోయాయి. ఎల్-డోపా ఎక్కించగానే లేచి తిరిగాయి. 1957 నాటి ఆ పరిశోధనే డోపమైన్ విలువను లోకానికి చూపింది. ఆయనకు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇది చదివి ఎవరూ సర్పగంధ పొడి తెచ్చుకుని వాడవద్దు. రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది, కొందరిలో కుంగుబాటు పెరుగుతుంది.


జీవకణం, జూన్ 5, రాత్రి 11:10

సెరటోనిన్ గురించి నేను ఒక మాట ఒప్పుకోవాలి. సెరటోనిన్ వాహక జన్యువులో పొట్టి రకం ఉన్నవారికి కష్టాలు వచ్చినప్పుడు కుంగుబాటు ఎక్కువగా వస్తుందని 2003లో న్యూజిలాండ్ అధ్యయనం ఒకటి చెప్పింది. ఎంత అందంగా ఉందో ఆ ఆలోచన! పదేళ్లకు పైగా తరగతిలో బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పాను. 2019లో లక్షలాది మంది సమాచారంతో, డిప్రెషన్‌కు కారణమని పేరుపడిన 18 జన్యువులను పరీక్షిస్తే, యాదృచ్ఛికంగా ఎంచుకున్న జన్యువుల కంటే అవి ఏమీ మెరుగుగా కనిపించలేదు. ఆ తరువాత పాఠం మార్చాను. పాత విద్యార్థులకు ఇప్పుడు ఎలా చెప్పను అని మనసులో ఉంటూనే ఉంది. డిప్రెషన్‌లో జన్యువుల పాత్ర ఉంది, కాని అది ఒకటి రెండు జన్యువులలో లేదు, వందలాది చోట్ల పలచగా పరుచుకుని ఉంది.


బొబ్బిలి_పెద్దాయన, జూన్ 6, ఉదయం 5:50

డాక్టరు గారూ, మీరు అడిగాక కూర్చుని గుర్తు చేసుకున్నాను. ఆ తాతగారి చేతులు ఊరికే ఉండేవి కావు. గ్లాసు పట్టుకుంటే నీళ్లు తొణికి పంచె తడిసేది. నడకలో తూలేవాడు, ఎన్నడూ కల్లు ముట్టని మనిషిని తాగి ఉన్నాడనేవారు. కొడుకుకూ అలాగే అయింది. ఆ అమ్మాయిని చివరి రోజుల్లో చూశాను, ముఖం తనంతట తనే ముడుచుకుంటూ ఉండేది. అందరూ అమ్మవారి ఆగ్రహం అన్నారు.


మనోవైద్యుడు_శ్రీకాకుళం, జూన్ 6, రాత్రి 9:35

పెద్దాయన గారూ, చూడకుండా రోగం పేరు నిర్ధారించడం తగదు గాని, మీరు చెప్పినది హంటింగ్టన్ వ్యాధిని పోలి ఉంది. మాస్టారు గారి ఇంటి విషయానికి దీనికి పూర్తిగా తేడా ఉంది. హంటింగ్టన్ ఒకే ఒక్క జన్యువు వల్ల వస్తుంది. అది 4వ క్రోమోజోము మీద ఉందని, దానిలో మూడక్షరాల ముక్క ఒకటి మామూలు కంటే ఎక్కువసార్లు పునరావృతం అవుతుందని 1993లో కనుగొన్నారు. నలభై సార్లు, అంతకు మించి ఉంటే, సాధారణ ఆయుర్దాయం ఉన్న మనిషికి వ్యాధి వచ్చి తీరుతుంది. తండ్రికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. దీనికి మేనరికంతో పని లేదు, పరాయి సంబంధం చేసుకున్నా అంతే. మన కళ్ల ముందు అటువంటి కుటుంబం ఒక్కటి ఉంటే చాలు, మానసిక వ్యాధులన్నీ అలాగే తరతరానికీ దిగుతాయని ఊరంతా నమ్ముతుంది. ఆ కుటుంబంలో ఈ తరం వారు ఎవరైనా ఉంటే న్యూరాలజిస్టును, జన్యు సలహాదారును కలవమని చెప్పండి. పరీక్ష చేయించుకోవాలో వద్దో వారితో నిదానంగా మాట్లాడిన తరువాతే నిర్ణయించుకోవాలి, ఎవరూ బలవంతం చేయకూడదు.


జీవకణం, జూన్ 6, రాత్రి 10:15

మేనరికం మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లి జరిగితే, పుట్టే బిడ్డకు ఒకే పూర్వీకుని జన్యువు రెండు ప్రతులుగా అందే అవకాశం ప్రతి జన్యువు దగ్గరా పదహారింట ఒకటి. మేనమామే మేనకోడల్ని చేసుకుంటే ఎనిమిదింట ఒకటి. రెండు ప్రతులు చెడితేనే వచ్చే వ్యాధులకు దీనివల్ల ముప్పు బాగా పెరుగుతుంది. విల్సన్ వ్యాధి అటువంటిదే. కాలేయం రాగిని బయటికి పంపలేక అది మెదడులో పేరుకుపోతుంది. చదువులో చురుకైన పిల్లవాడు హఠాత్తుగా కోపిష్టి అవుతాడు, చేతిరాత చెడిపోతుంది, మాట ముద్దగా వస్తుంది. కంటి నల్లగుడ్డు చుట్టూ గోధుమరంగు వలయం కనిపించవచ్చు. దీనిని పిచ్చి అని తాయెత్తు కట్టి వదిలేస్తే ప్రాణం పోతుంది. తొందరగా గుర్తిస్తే మందులున్నాయి. ఇటువంటి మార్పు కనిపించిన పిల్లలకు, ముఖ్యంగా మేనరికపు ఇళ్లలో, సెరులోప్లాస్మిన్ (రక్తంలో రాగిని మోసే ప్రొటీను) పరీక్ష అడగండి.


మందుల_చీటీ (పలాస), జూన్ 7, మధ్యాహ్నం 2:40

నేను ఫార్మసిస్టును. వ్యాధి విషయంలోనే కాదు, మందు విషయంలోనూ జన్యువుల పాత్ర ఉంది. మా దుకాణంలో రోజూ చూసేది చెబుతాను.

స్కిజోఫ్రీనియాకు వాడే రిస్పెరిడోన్ ఒకే మోతాదులో ఒకరికి చక్కగా సరిపోతే, ఇంకొకరికి దవడ బిగుసుకుంటుంది, చేతులు వణుకుతాయి. దానిని విరిచే సీవైపీ 2డీ6 అనే కాలేయపు ఎంజైము కొందరిలో మందకొడిగా పనిచేయడం ఇందుకు ఒక కారణం. ఎస్సిటాలోప్రామ్‌ను విరిచే సీవైపీ 2సీ19 మందకొడిగా ఉన్నవారు మన దక్షిణాసియా ప్రజల్లో తక్కువేమీ కాదు. మూర్ఛకు, బైపోలార్ వ్యాధికి వాడే కార్బమజెపైన్ విషయంలో, హెచ్‌ఎల్‌ఏ-బీ 15:02 అనే జన్యు రకం ఉన్నవారికి చర్మం పొక్కులెక్కి ఊడిపోయే ప్రాణాంతకమైన ప్రతిచర్య రావచ్చు. కొత్తగా ఆ మాత్ర మొదలుపెట్టిన వారాల్లో జ్వరంతో దద్దుర్లు వచ్చినా, నోట్లో పుండ్లు పడినా వెంటనే వైద్యుణ్ని చేరాలి. మన తెలుగు నేల మీదే ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటుంది. వైశ్య కుటుంబాల్లో కొందరికి బ్యుటిరిల్‌కోలినెస్టరేస్ అనే ఎంజైము లోపం పుట్టుకతో ఉంటుంది. వారికి శస్త్రచికిత్సలో కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ ఇస్తే, నిమిషాల్లో పోవలసిన కండరాల చచ్చుదనం గంటల కొద్దీ ఉండిపోతుంది. మత్తు వైద్యులు అందుకే కుటుంబ చరిత్ర అడుగుతారు.

జన్యువులతో సంబంధం లేనిదీ, మన ప్రాంతంలో మాత్రం తప్పక తెలియవలసినదీ ఒకటి: ఓలాంజాపిన్, క్లోజాపైన్ వాడేవారు చుట్ట గాని బీడీ గాని కాలిస్తే, ఆ పొగ కాలేయంలో సీవైపీ 1ఏ2 ఎంజైమును పెంచి మందును త్వరగా విరగగొడుతుంది. ఇది పొగ చేసే పని, నికోటిన్‌ది కాదు. అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోటి లోపల పెట్టి కాల్చడం) అలవాటున్న ఒక అవ్వకు ఆసుపత్రిలో చేరగానే చుట్ట మాన్పించారు. మందు మోతాదు మాత్రం తగ్గించలేదు. వారం తిరిగేసరికి ఆమె కూర్చున్నచోటే కునికిపాట్లు పడుతోందని మనవడు మా దుకాణానికి చీటీ పట్టుకుని వచ్చాడు. పొగ మానడం చాలా మంచిది, మానే ముందు వైద్యునికి చెప్పాలి.

మాస్టారూ, మీ తమ్ముడు బీడీ కాలుస్తారా?


తేటనీరు (చీపురుపల్లి), జూన్ 7, రాత్రి 8:05

నేను పదకొండేళ్లుగా, ఉన్మాదం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే బైపోలార్ వ్యాధితో ఉన్నాను. మా పెదనాన్నగారికీ ఇదే వ్యాధి, ఆయనకు లిథియం బాగా పనిచేసిందని తెలిసి నా వైద్యురాలు నాకూ అదే మొదలుపెట్టారు. లిథియానికి స్పందించే గుణం కొన్ని కుటుంబాల్లో కలిసి నడుస్తుందని ఆమె చెప్పారు. నాకు అది నిజమైంది. ఇంట్లో పెదనాన్నగారి విషయం దాచి ఉంటే ఆ మందు దగ్గరకు చేరడానికి నాకు ఎన్నేళ్లు పట్టేదో.

మూడేళ్ల క్రితం మే నెలలో నడుం నొప్పికి మా ఊరి దగ్గర ఒక క్లినిక్కులో డైక్లోఫెనాక్ ఇచ్చారు. లిథియం వాడుతున్నానని చెప్పాను, పట్టించుకోలేదు. ఆ ఎండకు నీళ్లు కూడా సరిగా తాగలేదు. ఐదో రోజుకు చేతులు వణికి సూదిలో దారం ఎక్కించలేకపోయాను, వాంతులు, నడిస్తే గోడ పట్టుకోవలసి వచ్చింది. రక్తపరీక్షలో లిథియం 1.9 ఉంది, నాకు 0.6 నుంచి 1.0 మధ్య ఉండాలి. లిథియం మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది, ఆ నొప్పి మందు, ఒంట్లో నీరు తగ్గడం రెండూ దానిని పోకుండా అడ్డుకుంటాయి. కిడ్నీ వ్యాధి ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు సోదరులకు, కిడ్నీ పరీక్ష లేకుండా ఈ మందు మొదలుపెట్టవద్దని, వాడుతున్నవారు పరీక్షలు వాయిదా వేయవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

మాస్టారు గారూ, మీ తమ్ముణ్ని దయచేసి దాచకండి. నా చెల్లెలి పెళ్లిలో నన్ను రెండు రోజులు మేడ మీద గదిలో ఉంచారు. సన్నాయి వినిపిస్తూనే ఉంది.


ఆమదాలవలస_తల్లి (ఆమదాలవలస), జూన్ 8, ఉదయం 10:30

డాక్టరు గారికి నమస్కారం. నా భర్తకు స్కిజోఫ్రీనియా ఉంది. మా బాబుకు పద్నాలుగేళ్లు. ఉమ్మి నమూనా పంపితే మానసిక వ్యాధుల జన్యువులు చెబుతామని ఒక ప్రకటన చూశాను. వేలల్లో ఖర్చు. చేయించమంటారా?


మనోవైద్యుడు_శ్రీకాకుళం, జూన్ 8, రాత్రి 9:50

చేయించవద్దమ్మా. వేలాది జన్యు భేదాలను కలిపి లెక్కకట్టే ఆ మార్కులు పరిశోధనకు పనికివస్తాయి గాని, ఒక పిల్లవాడికి వ్యాధి వస్తుందో రాదో చెప్పలేవు. పైగా ఆ లెక్కలు అధిక భాగం ఐరోపా సంతతి వారి మీద కట్టినవి, మనవారికి అవి ఇంకా తక్కువగా సరిపోతాయి. పరీక్ష అర్థవంతమయ్యే సందర్భం ఒకటుంది. పుట్టుకతో గుండె లోపం, అంగిలి చీలిక, రక్తంలో కాల్షియం తగ్గడం, చదువులో వెనుకబాటు వంటివి కలిసి ఉంటే 22వ క్రోమోజోములో చిన్న ముక్క లోపించిందేమో చూడాలి. అది ఉన్నవారిలో సుమారు నాలుగోవంతు మందికి స్కిజోఫ్రీనియా వస్తుంది. మీ బాబుకు అటువంటివేవీ లేకపోతే అవసరం లేదు.

ఆ డబ్బును బాబు కోసం వేరేగా ఖర్చు పెట్టండి. సరిగా నిద్రపోతున్నాడా, స్నేహితులకు దూరమవుతున్నాడా, మార్కులు ఒక్కసారిగా పడిపోయాయా అన్నది గమనిస్తూ ఉండండి. అనుమానం వస్తే రోజులు గడపకుండా తీసుకురండి. దగ్గరలో మానసిక వైద్యుడు లేనప్పుడు 14416కు ఫోను చేస్తే, ప్రభుత్వ టెలీ మానస్ సేవలో తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. వాళ్ల నాన్నకు ఉన్న వ్యాధి పేరు ఏమిటో బాబుకు మీ నోటితోనే చెప్పండి. పద్నాలుగేళ్ల పిల్లలకు అర్థమవుతుంది.

మాస్టారు గారూ, మీకూ ఒక మాట. ఓలాంజాపిన్ బరువును, చక్కెరను పెంచుతుంది. తమ్ముడికి షుగరు పరీక్ష చేయించి ఎన్నాళ్లయింది?


వంశధార_మాస్టారు, జూన్ 21, రాత్రి 9:30

అందరికీ ఆలస్యంగా జవాబిస్తున్నందుకు క్షమించాలి. పోయిన ఆదివారం అబ్బాయి తండ్రిగారిని, తల్లిగారిని మా ఇంటికే రమ్మని పిలిచాం. మా తమ్ముడు అరుగు మీద ఈనెలు చీల్చుకుంటూనే ఉన్నాడు. వాడే లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. లెక్చరరు గారు ఇచ్చిన అంకెలు కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టాను. నూటికి నాలుగు అన్న చోట ఆయన చాలాసేపు చూశారు. మా మేనకోడలు నర్సు గనుక, అబ్బాయి తల్లిగారు అడిగిన ప్రశ్నలకు తానే జవాబు చెప్పింది. మామయ్యను దాచవలసిన ఇంటికి తాను వెళ్లనని కూడా నెమ్మదిగా చెప్పేసింది. వారు ఒక నెల గడువు అడిగారు. ఏమంటారో తెలియదు. కాని ఏమీ దాచనందుకు నాకు మనసులో బరువు లేదు.

ఫార్మసిస్టు గారూ, తమ్ముడు రోజుకు ఒక కట్ట బీడీలు కాలుస్తాడు. ఈ సంగతి ఇన్నేళ్లలో ఏ వైద్యునికీ మేము చెప్పలేదు, ఎవరూ అడగలేదు. డాక్టరు గారూ, మీరు అడిగిన పరీక్ష నిన్న చేయించాం. పరగడుపున షుగరు 148 వచ్చింది. మంగళవారం ఆసుపత్రికి తీసుకువెళుతున్నాను, బీడీల సంగతి, షుగరు సంగతి రెండూ చీటీ మీద రాసి జేబులో పెట్టుకున్నాను.